అయిదు మిల్లీమీటర్లు సన్నగానే సాగే కాంతి: మెటాసర్ఫేస్‌తో బెస్సెల్ బీమ్ తయారు చేసే పద్ధతి

పచ్చ లేజర్ కాంతిని మంచి లెన్సుతో 1.9 మైక్రాన్ల చుక్కగా కుదించారనుకోండి. ఆ సన్నదనం ఎంత దూరం నిలుస్తుంది? అటూ ఇటూ కలిపి 31 మైక్రాన్లు. ఆ తర్వాత వివర్తనం తన పని తాను చేసుకుపోతుంది, చుక్క విచ్చుకుంటుంది. అదే కాంతిని, అదే 1.9 మైక్రాన్ల వెడల్పుతో, 5 మిల్లీమీటర్ల దాకా తీసుకెళ్లవచ్చు. అంటే 160 రెట్లు. దానికి కావలసింది ఒక గాజు పలక, దాని మీద 600 నానోమీటర్ల ఎత్తున్న 74 లక్షల చిన్న చిన్న దిమ్మెలు. ఇలాంటి పలకనే మెటాసర్ఫేస్ అంటారు, అది పుట్టించే ఆ విచ్చుకోని పుంజమే బెస్సెల్ బీమ్.

ఈ వ్యాసంలో అలాంటి ఒక పలకను కాగితం మీద లెక్క వేయడం నుంచి కెమెరాలో వలయాలు చూసేదాకా ఒక్కో అడుగూ వివరిస్తాను. బీఎస్సీ స్థాయి ఆప్టిక్స్, కాస్త పైథాన్ వస్తే చాలు. క్లీన్‌రూమ్ (దుమ్ము లేని చిప్ తయారీ గది) అనుభవం లేకపోయినా ఫర్వాలేదు. నిజం చెప్పాలంటే ఈ పని గెలిచేదీ ఓడేదీ చాలావరకు క్లీన్‌రూమ్‌లోకి అడుగు పెట్టక ముందే.

విచ్చుకోదు అంటే అర్థం ఏమిటి

1987లో అమెరికాలోని రోచెస్టర్‌లో డర్నిన్ ఒక గణిత పరిష్కారం చూపించాడు. బెస్సెల్ ఫంక్షన్ ఆకారంలో ఉండే కాంతి పుంజం ముందుకు సాగుతున్నా అడ్డుకోత ఆకారం మారదు. అదే ఏడాది మిచెలీ, ఎబర్లీలతో కలిసి ప్రయోగంలోనూ చేసి చూపించాడు. అందులో కిటుకు ఇది: సమతల తరంగాలన్నీ ఒక శంకువు ఉపరితలం మీద ఉన్నట్టు, అక్షానికి ఒకే కోణంలో వంగి వస్తే, అవి మధ్యలో కలుసుకుని వ్యతికరణం చెందుతాయి. అన్నిటి కోణం ఒకటే కాబట్టి ముందుకు వెళ్లేకొద్దీ అన్నిటి ఫేజ్ ఒకేలా మారుతుంది. అందుకే నమూనా చెదరదు. మధ్యలో ప్రకాశవంతమైన గుండె, చుట్టూ వలయాల మీద వలయాలు.

ఇక్కడే ఒక సంగతి ముందుగా మనసులో పెట్టుకోవాలి. ఆదర్శ బెస్సెల్ బీమ్‌కు వలయాలు అనంతం, కావలసిన శక్తీ అనంతం. మనం తయారు చేసేది దాని ముక్క మాత్రమే. ఆ ముక్కలో కూడా ఒక్కో వలయం దాదాపు గుండెతో సమానంగా శక్తిని మోస్తుంది. మన డిజైన్‌లో మధ్య దూరం దగ్గర 94 వలయాలు ఉంటాయి. కాబట్టి లేజర్ నుంచి 10 మిల్లీవాట్లు పంపితే గుండెలో ఉండేది 0.1 మిల్లీవాట్, అంటే 1 శాతం. పొడవు కావాలంటే వలయాలకు శక్తిని ధారపోయాలి. ఈ బేరం నచ్చకపోతే బెస్సెల్ బీమ్ జోలికి పోకండి, మామూలు లెన్సే మేలు.

గాజు శంకువు ఉండగా ఇదెందుకు

కాంతిని శంకువుగా వంచే గాజు ముక్కకు యాక్సికాన్ అని పేరు. ఆ పేరు పెట్టింది మెక్‌లియాడ్, 1954లో. ఇప్పటికీ కొనుక్కోవచ్చు. చిన్న కోణం చాలు, బల్ల మీద చోటు ఉంది, ఇంకే హంగులూ అక్కర్లేదు అంటే నా సలహా అది కొనుక్కోమనే.

కానీ గాజు శంకువు కొన ఎంత సాన పెట్టినా పూర్తిగా సూదిలా రాదు, కాస్త గుండ్రంగానే మిగులుతుంది. ఆ గుండ్రటి భాగం చిన్న లెన్సులా పనిచేసి అక్షం మీద తీవ్రతను ఎగుడుదిగుడు చేస్తుంది. మెటాసర్ఫేస్‌కు కొనే ఉండదు. పైగా పెద్ద కోణాలు, గుండె స్థానంలో బోలు వలయం, రంగు మారినా మారని వెడల్పు లాంటివి అదే పలకలో, అదే ఖర్చులో రాబట్టవచ్చు. హార్వర్డ్‌లో కపాసో బృందం 2011లో పలచటి పొరతో కాంతి ఫేజ్‌ను ఒక్కసారిగా మార్చవచ్చని చూపింది. 2012లో టెలికాం తరంగదైర్ఘ్యాల దగ్గర చదును లెన్సు, చదును యాక్సికాన్ రెండూ చేసింది. అక్కడి నుంచే ఈ దారి తెరుచుకుంది.

అడుగు 1: మూడు అంకెలు నిర్ణయించుకోండి

తరంగదైర్ఘ్యం, శంకువు కోణం, పలక వ్యాసార్ధం. ఈ మూడూ ఖాయమైతే మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి.

మనం 532 నానోమీటర్ల పచ్చ కాంతి తీసుకుందాం. లేజర్ సులువుగా దొరుకుతుంది, కంటికి కనిపిస్తుంది, మామూలు కెమెరా చాలు. కోణం 5.74 డిగ్రీలు. దాని సైన్ విలువ, అంటే న్యూమరికల్ అపెర్చర్, 0.1. ఇకపై దీన్ని ఎన్‌ఏ అంటాను. వ్యాసార్ధం 0.5 మి.మీ.

గుండె వెడల్పును సగం తీవ్రత దగ్గర కొలుస్తాం. సూత్రం: 0.358 × తరంగదైర్ఘ్యం ÷ ఎన్‌ఏ. మనకు 1.9 మైక్రాన్లు వస్తుంది. పుంజం నిలిచే పొడవు: వ్యాసార్ధం ÷ కోణం టాంజెంట్. అంటే 0.5 ÷ 0.1005, దగ్గరదగ్గర 5 మి.మీ. వలయాల మధ్య ఎడం: తరంగదైర్ఘ్యం ÷ (2 × ఎన్‌ఏ), 2.66 మైక్రాన్లు.

ఎన్‌ఏ పెంచితే గుండె సన్నబడుతుంది, పొడవు తగ్గుతుంది. వ్యాసార్ధం పెంచితే పొడవు పెరుగుతుంది, వలయాలూ పెరుగుతాయి, గుండె వాటా ఇంకా పడిపోతుంది. మీ అవసరం లైట్‌షీట్ మైక్రోస్కోపీ (పలచటి కాంతి తెరతో నమూనాను వెలిగించి చూడటం) అయితే వలయాలు వెనక మసకను పెంచుతాయి కాబట్టి అక్కర్లేని పొడవు అడగవద్దు. గాజు కోయడానికైతే పొడవే ముఖ్యం. వలయాల తీవ్రత గాజు దెబ్బతినే హద్దుకు కింద ఉంటే చాలు, వాటి గొడవ పట్టించుకోనక్కర్లేదు.

అడుగు 2: ఫేజ్ పటం గీయండి

లెన్సుకు ఫేజ్ వక్రంగా మారుతుంది. యాక్సికాన్‌కు సరళరేఖే:

ఫేజ్ = −2π × (కేంద్రం నుంచి దూరం) × ఎన్‌ఏ ÷ తరంగదైర్ఘ్యం

అంటే కేంద్రం నుంచి బయటికి ప్రతి 5.32 మైక్రాన్లకు ఫేజ్ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. దీన్ని పీరియడ్ అందాం. ఈ 5.32 అంకెను గుర్తుంచుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

అడుగు 3: ఆ ఫేజ్‌ను ఇచ్చే దిమ్మెను ఎంచుకోండి

ఇక్కడ రెండు దారులు. ఒకటి, గుండ్రటి స్తంభాల వ్యాసాన్ని మార్చుతూ పోవడం. లావు స్తంభంలో కాంతి నెమ్మదిస్తుంది, ఫేజ్ వెనకబడుతుంది. ఏ ధ్రువణానికైనా పనిచేస్తుంది. కానీ తయారీలో వ్యాసం 10 నానోమీటర్లు అటూ ఇటూ అయితే ఫేజ్ పటమే తప్పవుతుంది.

రెండోది, ఒకే కొలతలున్న దీర్ఘచతురస్రాకార దిమ్మెను, అంటే నానోఫిన్‌ను, చోటును బట్టి తిప్పడం. వృత్తాకార ధ్రువణం ఉన్న కాంతి దాని గుండా పోతే తిరుగుడు దిశ తారుమారవుతుంది, దాంతోపాటు తిప్పిన కోణానికి రెట్టింపు ఫేజ్ అంటుకుంటుంది. ఈ ఫేజ్ మూలం మన దగ్గరే ఉంది. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. పంచరత్నం 22 ఏళ్ల వయసులో, 1956లో, స్ఫటికాల ధ్రువణం మీద పనిచేస్తూ దీన్ని కనిపెట్టాడు. 1984లో మైఖేల్ బెర్రీ క్వాంటం మెకానిక్స్‌లో ఇదే కోవకు చెందిన ఫేజ్‌ను చూపించాక ఇద్దరి పేర్లూ కలిపి పంచరత్నం–బెర్రీ ఫేజ్ అంటున్నారు.

మొదటిసారి చేసేవాళ్లు కళ్లు మూసుకుని రెండో దారి పట్టండి. కారణం ఒక్కటే. ఫిన్ కొలతలు కాస్త తప్పినా ఫేజ్ తప్పదు, ఎందుకంటే ఫేజ్ వచ్చేది కోణం నుంచి, కోణం విషయంలో లితోగ్రఫీ (పలక మీద ఆకారాలు రాసే పద్ధతి) తప్పు చేయదు. కొలత తప్పితే పోయేది సామర్థ్యం మాత్రమే. దీనికి చెల్లించే మూల్యం, వృత్తాకార ధ్రువణ కాంతితోనే పనిచేయాల్సి రావడం.

పదార్థం టైటానియం డయాక్సైడ్. దృశ్యకాంతిని దాదాపుగా మింగదు, వక్రీభవన గుణకం 2.4 దరిదాపుల్లో ఉంటుంది. సిలికాన్ ఇంకా బలమైనదే కానీ పచ్చ కాంతిని మింగేస్తుంది, దాన్ని 1550 నానోమీటర్ల లాంటి పరారుణానికి దాచుకోండి. 532కి హార్వర్డ్ బృందం 2016 లెన్సులో వాడిన కొలతలు మొదలుపెట్టడానికి చక్కగా సరిపోతాయి: వెడల్పు 95, పొడవు 250, ఎత్తు 600, ఫిన్ నుంచి ఫిన్‌కు దూరం 325 నానోమీటర్లు.

ఈ 325 పనికొస్తుందా అని రెండు పరీక్షలు పెట్టాలి. గాజు వక్రీభవన గుణకం 1.46, కాబట్టి గాజు లోపల తరంగదైర్ఘ్యం 364 నానోమీటర్లు. 325 అంతకంటే తక్కువ, కనుక అనవసర వివర్తన క్రమాలు పుట్టవు. రెండోది, ఫిన్ తిరిగినప్పుడు దాని మూలలు గీసే వృత్తం వ్యాసం 267 నానోమీటర్లు. ఎటు తిప్పినా పక్క ఫిన్‌కు కనీసం 58 నానోమీటర్ల ఎడం మిగులుతుంది, కాబట్టి రాసుకోవు. పీరియడ్‌కు 16 ఫిన్లు పడతాయి, పక్కపక్క ఫిన్ల మధ్య కోణం తేడా 11 డిగ్రీలు. చాలా నునుపైన మెట్లు ఇవి.

అడుగు 4: సిమ్యులేషన్, రెండు దఫాలుగా

మొత్తం 74 లక్షల ఫిన్లను ఒకేసారి సిమ్యులేట్ చేయాలని చూడకండి. అంత కంప్యూటర్ మీ దగ్గర ఉండదు, ఉన్నా అవసరం లేదు.

మొదటి దఫా ఒక్క ఫిన్, చుట్టూ ఆవర్తన సరిహద్దులు. దీనికి మీప్, ఎస్‌4 అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. ధ్రువణం ఫిన్ పొడవు వెంబడి ఉన్నప్పుడు బయటికి వచ్చే సంకీర్ణ కంపన పరిమితి ఒకటి, వెడల్పు వెంబడి ఉన్నప్పుడు వచ్చేది ఇంకొకటి. రెంటి తేడాలో సగం తీసి దాని పరిమాణాన్ని వర్గం చేస్తే మనకు పనికొచ్చే కాంతి శాతం. రెంటి మొత్తంలో సగం తీసి వర్గం చేస్తే మారకుండా కారిపోయే కాంతి. రెంటి మధ్య ఫేజ్ తేడా 180 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి, అంటే ఫిన్ చిట్టి హాఫ్‌వేవ్ ప్లేట్‌లా ఉండాలి. మీ ల్యాబ్‌లో వేసే పొర అసలు వక్రీభవన గుణకాన్ని ఎలిప్సోమీటర్‌తో కొలిపించి అదే పెట్టండి. ఇంటర్నెట్‌లో దొరికిన పట్టిక పెడితే తేడా కొడుతుంది, ఈ పొర గుణకం వేసిన ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. తర్వాత వెడల్పును, పొడవును 10 నానోమీటర్లు, ఎత్తును 20 నానోమీటర్లు అటూ ఇటూ జరిపి సామర్థ్యం ఎంత పడిపోతుందో చూడండి. శిఖరం మీద సూదిమొనలా నిలబడే కొలత కంటే కాస్త తక్కువైనా విశాలంగా నిలిచే కొలత మేలు.

రెండో దఫా పుంజం మొత్తం. ఫేజ్ పటాన్ని ఒక పెద్ద మాత్రికగా రాసుకుని ఫోరియర్ రూపాంతరం చేసి, దూరానికి తగిన గుణకంతో గుణించి, తిరిగి విలోమం చేయడమే. నమ్‌పైలో పది వరుసల పని. 325 నానోమీటర్ల గడి పెడితే వ్యాసానికి 3,077 గళ్లు వస్తాయి, 4,096 × 4,096 మాత్రికలో చుట్టూ సున్నాలతో సరిపోతుంది. కానీ వ్యతిరేక దిశ ధ్రువణాన్ని కూడా లెక్కలో పెడితే అది బయటికి విచ్చుకుని అంచు దాటి అవతలి వైపు నుంచి మళ్లీ లోపలికి వచ్చేస్తుంది. అప్పుడు 8,192 తప్పదు.

ఈ సిమ్యులేషన్ సరిగ్గా ఉందో లేదో చెప్పే మంచి గుర్తు అక్షం మీద తీవ్రత. సమానమైన వెలుగు పడితే అది దూరంతోపాటు సరళంగా పెరగాలి, పొడవు చివర్లో గట్టి అంచు వల్ల అలలు అలలుగా ఊగాలి. 2.5 మి.మీ. దగ్గర పడే కాంతి కంటే 1,850 రెట్లు పైచిలుకు ఉండాలి. ఆ అంకె రాకపోతే ఎక్కడో గుణకం జారిపోయింది. లేజర్ సహజంగా గాసియన్ ఆకారంలో ఉంటుంది కాబట్టి నిజంలో ఇది కొండలా పెరిగి తగ్గుతుంది. గాసియన్ వ్యాసార్ధం 0.5 మి.మీ. అయితే శిఖరం 2.5 మి.మీ. దగ్గర వస్తుంది. అలల గొడవా చాలావరకు తగ్గుతుంది.

అడుగు 5: లేఅవుట్ ఫైలు

ప్రతి గడి కేంద్రానికి దూరం లెక్క కట్టి, ఫేజ్‌లో సగాన్ని కోణంగా తీసుకుని, ఆ కోణంలో 95 × 250 దీర్ఘచతురస్రం గీయడమే. జీడీఎస్ (చిప్ లేఅవుట్లకు వాడే ఫార్మాట్) ఫైల్లో ఒక్కో దీర్ఘచతురస్రానికి 64 బైట్లు, మొత్తం 475 మెగాబైట్లు. ఇంత ఫైలు పంపితే కొన్ని ఎలక్ట్రాన్ బీమ్ రైటర్ల సాఫ్ట్‌వేర్ ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. కాబట్టి ముందు 0.2 మి.మీ. వ్యాసం ఉన్నది చేయండి. దానికి 3 లక్షల ఫిన్లు చాలు, పొడవు 1 మి.మీ. వస్తుంది, నేర్చుకోవాల్సినదంతా నేర్పిస్తుంది.

చిప్ మీద పలక ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు. అదే డిజైన్‌ను వేర్వేరు డోసులతో (రాసే ఎలక్ట్రాన్ల మోతాదుతో) ఆరేడు కాపీలు పెట్టండి. వాటి పక్కన ఒక చిన్న చతురస్రంలో ఫిన్లు వలయాలుగా కాకుండా ఒకే దిశలో 5.32 మైక్రాన్లకు ఒకసారి అరచుట్టు తిరిగేలా గీయండి. అది గ్రేటింగ్. వృత్తాకార ధ్రువణం ఒక రకమైతే కాంతి ఒక పక్కకు 5.74 డిగ్రీలు, ఇంకో రకమైతే రెండో పక్కకు, మారని కాంతి నేరుగా పోతుంది. పవర్‌మీటర్‌తో మూడు చుక్కలూ కొలిస్తే ఫిన్ సామర్థ్యం వెంటనే తెలిసిపోతుంది. బెస్సెల్ పుంజంలో ఇది కొలవడం మహా చికాకు. ఈ చతురస్రం పెట్టకపోతే తర్వాత తప్పు ఫిన్లదా, బల్ల మీద అమరికదా తేల్చుకోలేక తల పట్టుకోవాలి.

అడుగు 6: క్లీన్‌రూమ్

సొంత క్లీన్‌రూమ్ లేనివాళ్లు భయపడనక్కర్లేదు. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ నడిపే ఐఎన్‌యూపీ పథకం కింద బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబే లాంటి చోట్ల బయటి కాలేజీల పరిశోధకులకూ అవకాశం ఉంది. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఇదే దగ్గరి దారి. దరఖాస్తులో పైన చెప్పిన సిమ్యులేషన్లు, కొలతలు ఎంతవరకు తప్పినా ఫర్వాలేదన్న లెక్క పెట్టి చూపిస్తే వినేవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

పని క్రమం ఇలా ఉంటుంది. ఫ్యూజ్డ్ సిలికా పలక మీద సరిగ్గా 600 నానోమీటర్ల మందంలో ఎలక్ట్రాన్ బీమ్ రెసిస్ట్ (ఎలక్ట్రాన్లు తగిలిన చోట డెవలప్ చేసినప్పుడు కరిగిపోయే పొర) పూయాలి. ఫిన్ ఎత్తును నిర్ణయించేది ఈ మందమే. గాజు విద్యుత్ బంధకం కాబట్టి ఎలక్ట్రాన్లు పోగుపడి బీమ్‌ను పక్కకు నెట్టేస్తాయి, అందుకని పైన పలచటి వాహక పొర తప్పనిసరి. దీన్ని మరిచిపోతే గీతలు ఎక్కడ పడతాయో దేవుడికే తెలియాలి. తర్వాత ఫిన్ల ఆకారంలో ఎక్స్‌పోజ్ చేసి, డెవలప్ చేస్తే రెసిస్ట్‌లో ఫిన్ ఆకారపు గుంటలు ఏర్పడతాయి.

రాయడానికి పట్టే సమయం ముందే లెక్క కట్టుకోండి, మెషీన్ స్లాట్‌కు గంట లెక్కన బిల్లు వేస్తారు. ఫిన్లు విస్తీర్ణంలో 22.5 శాతం. 1 మి.మీ. పలకకు అది 0.18 చదరపు మి.మీ. డోసు చదరపు సెంటీమీటరుకు 300 మైక్రోకూలంబ్‌లు, కరెంటు 1 నానోఆంపియర్ అనుకుంటే బీమ్ నిజంగా పనిచేసేది 9 నిమిషాలే. కానీ లక్షల ఆకారాల మధ్య గెంతడానికి, కుదురుకోవడానికి, స్టేజ్ కదలడానికి పట్టే సమయం దీనికి ఎన్నో రెట్లు కావచ్చు. ఆపరేటర్‌ను అడిగి అంచనా తీసుకోండి.

ఆ గుంటలను అటామిక్ లేయర్ డిపోజిషన్ (ఒక్కో అణు పొరగా పదార్థాన్ని పేర్చే పద్ధతి) ద్వారా టైటానియం డయాక్సైడ్‌తో నింపుతారు. రెసిస్ట్ కరిగి ఆకారం పోకుండా 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర చేస్తారు. ఈ పద్ధతిలో ఉన్న అందం ఏమిటంటే పొర గుంట గోడలన్నిటి మీదా సమానంగా పెరుగుతుంది. కాబట్టి 600 లోతు నింపడానికి 600 పొర వేయనక్కర్లేదు, 95 వెడల్పులో సగం, అంటే 48 నానోమీటర్లు దాటితే రెండు గోడలూ కలుసుకుంటాయి. కొంచెం ఎక్కువే వేయండి, మధ్యలో సన్న బీట మిగలకూడదు. పైన పరుచుకున్న పొరను క్లోరిన్ ఆధారిత ప్లాస్మాతో అంతే మందం మేరకు చెక్కేసి, మిగిలిన రెసిస్ట్‌ను ఆక్సిజన్ ప్లాస్మాతో కాల్చేస్తే ఫిన్లు నిలబడతాయి. ద్రావకంతో కడిగి ఆరబెడితే నీటి తలతన్యత పొడుగాటి ఫిన్లను పక్కకు వాల్చేయవచ్చు, అందుకే పొడి పద్ధతి మంచిది.

స్టిచింగ్ లోపాల (మెషీన్ ముక్కలు ముక్కలుగా రాసే భాగాలు అతుకుల దగ్గర జారడం) గురించి చాలామంది టెన్షన్ పడతారు. మన డిజైన్‌లో 20 నానోమీటర్ల జారుడు అంటే 5.32 మైక్రాన్లలో అంత, ఫేజ్‌లో 1.35 డిగ్రీలు. వదిలేయండి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసేటప్పుడు పై నుంచి మాత్రమే చూసి సంతోషపడకండి, పలకను వంచి పక్క నుంచి కూడా చూడండి. పైన 95 ఉండి అడుగున 120 ఉన్న ఫిన్ పై నుంచి చక్కగానే కనిపిస్తుంది.

అడుగు 7: బల్ల మీద అమరిక

లేజర్, పోలరైజర్, 45 డిగ్రీల దగ్గర క్వార్టర్‌వేవ్ ప్లేట్, పుంజాన్ని పెద్దది చేసే టెలిస్కోప్, మన పలక. దాని వెనక మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్, ట్యూబ్ లెన్స్, కెమెరా మూడూ కలిపి ఒకే స్టేజ్ మీద. స్టేజ్ కదిలితే మూడూ కలిసే కదలాలి. ఆబ్జెక్టివ్ ఎన్‌ఏ 0.4 ఉన్న 20 రెట్లది సరిపోతుంది. 1.9 మైక్రాన్ల గుండె కెమెరా మీద 38 మైక్రాన్లవుతుంది, 3.45 మైక్రాన్ల పిక్సెల్ ఉంటే 11 పిక్సెళ్లు. చౌక పచ్చ లేజర్ల నుంచి 1064 నానోమీటర్ల పరారుణం కూడా కారుతుంటుంది, కంటికి కనపడదు కానీ కెమెరా పట్టేస్తుంది, ఫిల్టర్ పెట్టండి. కంటి భద్రతకూ అది మంచిదే.

ముందు ఆబ్జెక్టివ్‌ను ఫిన్ల మీద ఫోకస్ చేసి ఆ స్థానాన్ని సున్నా అనుకోండి. అక్కడి నుంచి 50 మైక్రాన్ల చొప్పున వెనక్కి జరుగుతూ 5 మి.మీ. దాకా ఫొటోలు తీయండి. గుండె వలయాల కంటే చాలా ప్రకాశవంతం, కాబట్టి గుండె సంతృప్తం కాని ఎక్స్‌పోజర్ ఒకటి, వలయాలు కనిపించే ఎక్స్‌పోజర్ ఒకటి, రెండూ తీసుకోండి. సంతృప్తమైన ఫొటోలో వెడల్పు కొలిస్తే వచ్చేది కెమెరా వెడల్పు, పుంజానిది కాదు.

అడుగు 8: తేడా వస్తే ఎక్కడ వెతకాలి

అసలు గుండే కనిపించకపోతే కంగారుపడి చిప్ పారేయకండి. వృత్తాకార ధ్రువణం తిరుగుడు దిశ తారుమారైతే ఫేజ్ గుర్తు మారుతుంది, శంకువు లోపలికి కాకుండా బయటికి విచ్చుకుంటుంది. క్వార్టర్‌వేవ్ ప్లేట్‌ను 90 డిగ్రీలు తిప్పండి. చాలాసార్లు కథ అక్కడితో ముగుస్తుంది. రేఖీయ ధ్రువణం పంపితే సగం లోపలికి, సగం బయటికి పోతుంది, అప్పుడు గుండె కనిపిస్తుంది కానీ నీరసంగా.

గుండె గుండ్రంగా కాకుండా నాలుగు కొనలున్న గళ్ల నమూనాలా విడిపోతే కాంతి పలక మీద ఏటవాలుగా పడుతోందని అర్థం. పలక నుంచి వెనక్కి వచ్చే పరావర్తన చుక్కను లేజర్ రంధ్రంలోకే పంపేలా వంపు సరిచేయండి. వలయాలు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ వెలుగుతో ఉంటే పుంజం కేంద్రం, పలక కేంద్రం కలవలేదు. గుండె వెడల్పు దూరంతోపాటు నెమ్మదిగా పెరుగుతూనో తరుగుతూనో ఉంటే టెలిస్కోప్ నుంచి వచ్చే కాంతి సమాంతరంగా లేదు.

అక్షం మీద తీవ్రత పలకకు దగ్గరలో 106 మైక్రాన్లకు ఒకసారి పైకీ కిందికీ ఊగుతుంటే అది వేరే కథ. మారకుండా కారిపోయిన కాంతి, శంకువు కాంతి కలిసి వ్యతికరణం చెందుతున్నాయి. 106 ఎక్కడిదంటే, తరంగదైర్ఘ్యాన్ని (1 − కోణం కొసైన్)తో భాగిస్తే అదే వస్తుంది. మన ఫిన్లలో కారిపోయే కాంతి ధ్రువణం శంకువు కాంతికి ఎదురు కాబట్టి సూత్రప్రకారం ఇవి కలవకూడదు. కలుస్తున్నాయంటే మీరు పంపే కాంతి శుద్ధ వృత్తాకారం కాదు, దీర్ఘవృత్తాకారం. కెమెరా ముందు ఇంకో క్వార్టర్‌వేవ్ ప్లేట్, పోలరైజర్ పెట్టినా ఇది పోదు, ఎందుకంటే కలుస్తున్నవి రెండూ ఒకే ధ్రువణంలో ఉన్నాయి. లోపం ముందు వైపే సరిచేయాలి.

వెడల్పు 1.9కి బదులు 2.1 వచ్చిందా? ఫిన్లను అనుమానించే ముందు వలయాల ఎడం కొలవండి. అది 2.66 రావాలి. దాన్ని నిర్ణయించేది లితోగ్రఫీ, లితోగ్రఫీ ఇంత తప్పు చేయదు. అక్కడా అదే నిష్పత్తిలో తేడా ఉంటే మీ మైక్రోస్కోప్ మాగ్నిఫికేషన్ మీరు అనుకున్నది కాదు. ఆ రకంగా ఈ పలకే మీకు స్కేలు కూడా.

అన్నీ కుదిరాక ఒక సరదా పరీక్ష. 50 మైక్రాన్ల వ్యాసం ఉన్న చిన్న మచ్చ వేసిన కవర్ గ్లాస్‌ను పుంజం మధ్యలో పెట్టండి. గుండె అక్కడ మాయమవుతుంది. మచ్చ వ్యాసార్ధాన్ని టాంజెంట్‌తో భాగిస్తే 250 మైక్రాన్లు. ఆ దూరం దాటగానే గుండె మళ్లీ పుడుతుంది, పక్క వలయాల కాంతి వచ్చి చేరుతుంది. మొదట్లో ధారపోశామనుకున్న ఆ 99 శాతం ఇక్కడ అక్కరకొస్తోంది.

ఇక్కడి నుంచి ఎటు

ఫిన్ కోణానికి, ఆ గడి కేంద్రం చుట్టూ ఎంత కోణంలో ఉందో అందులో సగం కలపండి. మధ్యలో చుక్క పోయి బోలు వలయం వస్తుంది, దాని వ్యాసార్ధం 1.56 మైక్రాన్లు. కాంతి మెలి తిరుగుతూ పోతుంది, చిన్న కణాలను పట్టుకుని తిప్పడానికి పనికొస్తుంది. లేఅవుట్ స్క్రిప్ట్‌లో ఒక్క పదం మార్పు.

రంగు మార్చి చూడండి. ఫిన్ల అమరిక 5.32 మైక్రాన్లకు కట్టుబడి ఉంది కాబట్టి తరంగదైర్ఘ్యం ఏదైనా గుండె వెడల్పు 1.9 దగ్గరే నిలుస్తుంది. పొడవు మాత్రం మారుతుంది: 633 ఎరుపుకు 4.2 మి.మీ., 450 నీలానికి 5.9 మి.మీ. సామర్థ్యం 532 నుంచి దూరం జరిగేకొద్దీ పడిపోతుంది. ఈ గుణాన్నే వాడుకుని హార్వర్డ్ బృందం 2017లో ఎన్‌ఏ 0.9 దగ్గర, తరంగదైర్ఘ్యం కంటే సన్నటి బెస్సెల్ పుంజాలు చేసింది.

ఆ స్థాయికి వెళ్లాలనుకుంటే మన గడి పనికిరాదు. ఎన్‌ఏ 0.9కి 532 దగ్గర పీరియడ్ 591 నానోమీటర్లు, అందులో 325 గళ్లు రెండు కూడా పట్టవు. గడి 250 లోపుకు రావాలి, దానికి కొత్త ఫిన్ కొలతలు కావాలి. ఇందాక వదిలేయమన్న 20 నానోమీటర్ల స్టిచింగ్ జారుడు ఇక్కడ 12 డిగ్రీలవుతుంది. పై ఫోరియర్ లెక్కలో కాంతి విద్యుత్ క్షేత్రం అక్షం వెంబడి ఉండే భాగాన్ని వదిలేశాం. అంత పెద్ద కోణాల దగ్గర దాన్ని వదిలేస్తే గుండె వెడల్పే తప్పొస్తుంది. కాబట్టి మూడో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.